ఊడిరాని రిమోట్లు

గ్యారంటీ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిక్సీ కొన్నా ఫ్యాను కొన్నా, షాపువాడు కార్డు మీద స్టాంపు గుద్ది "సీలు మాత్రం తియ్యకండి సార్, గ్యారంటీ పోతుంది" అనగానే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తుంది. షాపువాడి తప్పేమీ లేదని నాకూ తెలుసు. కానీ వేలెడంత సీలు కాగితం చిరగకూడదని ఒక మనిషి వేళ్లను బిగుసుకుపోనిచ్చిన పెద్దమనుషుల దగ్గర నేను పనిచేశాను. నేను రిటైరయ్యాను గానీ ఆ కోపం రిటైరవలేదు.

మా మేనల్లుడి కొడుకు ఈ మధ్య ఒక ఆసుపత్రిలో కొనుగోళ్ల విభాగంలో చేరాడు. "తాతయ్యా, రెండు మోడళ్లుంటే కొత్తదే కొనాలి కదా, అందులో ఆలోచించడానికేముంది?" అని అడిగాడు. ఫోనులో నేను చెప్పిన జవాబు వాడికీ చాలలేదు, నాకూ చాలలేదు. వాడిలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాసే అలవాటు నాకుంది. దీనికోసం మాత్రం అటక మీంచి డైరీలు దించలేదు. మరిచిపోయిన వాటికే డైరీ కావాలి.

నేను పనిచేసింది విజయవాడలో, ఏలూరు కాలవ పక్కన ఒక ట్రస్టు నడిపిన ఎముకల ఆసుపత్రిలో. ఇప్పుడది లేదు, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. నేను అక్కడ స్టోర్సు ఇన్‌చార్జిని. కట్టుబట్ట మొదలు చీపురుకట్ట దాకా ఏది కొన్నా నా చేతుల మీదుగా రావాలి, ఏది పోయినా నన్నడగాలి. తొంభైల చివర్లో మాకు చేతి దెబ్బలు ఎక్కువగా వచ్చేవి. నూర్పిడి యంత్రాలు, చెరుకు గానుగలు, రైసుమిల్లు బెల్టులు. పంట ఇంటికి చేరేలోపు ఏదో ఒక ఊళ్లో ఎవరిదో ఒక చెయ్యి మా దగ్గరికి వచ్చేది. డాక్టర్లు ఆపరేషన్లు బాగానే చేసేవారు. అసలు కష్టం ఆ తర్వాతే. తెగిన నరం కుట్టాక వేలు కదలాలి. కదలకపోతే లోపల కుట్టు చుట్టూ కండ అతుక్కుపోయి వేలు కర్రలా బిగుస్తుంది. దానికో గడువుంటుంది. ఆ గడువు దాటితే ఎవరొచ్చినా ఆ వేలు వంచలేరు.

ఈ సంగతి నాకు తెలిపింది మా ఫిజియోథెరపిస్టు. ఆవిడది పామర్రు, తండ్రి పాస్టరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. రోగులు ఆవిడను డాక్టరమ్మ అనేవాళ్లు. "నేను డాక్టర్ని కాదండీ" అని మొదట్లో సరిదిద్దేది, తర్వాత విసుగొచ్చి మానేసింది. ఆవిడ బాధల్లా రబ్బరు బంతి. "ఇది పిసుకుతూ ఉండండి" అని ఇస్తే, ఆవిడ గదిలో ఉన్నంతసేపూ పిసికి, గుమ్మం దాటగానే దిండు కింద పెట్టేసేవాళ్లు. నొప్పి అలాంటిది. బంతిని ఎంత పిసికినా అది బంతే కదా. దాన్ని పిసకడంలో సరదా ఏముంటుంది?

అలాంటి రోజుల్లో డిశ్చార్జి అయి వెళుతూ ఒక కుటుంబం వాళ్ల పిల్లల పాత టీవీ గేమును వార్డులో వదిలేసి పోయింది. ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. టీవీకి తగిలించి ఆడుకునే ప్లాస్టిక్ పెట్టె అది. పైన గాడిలో క్యాసెట్ గుచ్చాలి. ముందు రెండు రిమోట్లు. ఒక్కో రిమోట్‌కు ఎడమవైపు నాలుగు దిక్కుల మీట, కుడివైపు రెండు గుండ్రటి బటన్లు. ఈ పాత రకంలో రిమోట్ వైరు చివర ఒక ప్లగ్గు ఉండేది. లాగితే పెట్టెలోంచి ఊడొచ్చేది, గుచ్చితే మళ్లీ కూర్చునేది. ఈ కథంతా ఆ ప్లగ్గు మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోండి.

బంతిని దిండు కింద దాచే ఒక పెద్దమనిషి ఆ రిమోట్ పట్టుకుని, నొప్పికి పళ్లు బిగపట్టి మరీ, ఒక కారును లారీల మధ్యలోంచి తప్పిస్తూ గంటసేపు కూర్చోవడం డాక్టరమ్మ కంట పడింది. ఆవిడ తిన్నగా మా వర్క్‌షాపుకు వెళ్లింది. చేతులకూ కాళ్లకూ తోలు పట్టీలు, ఊత చట్రాలు చేసే షెడ్డు అది. దాని పెద్ద వన్‌టౌన్ భాయ్. ఆయన పని పొగిడితే కోపం, పొగడకపోతే ఇంకా కోపం. ఏదో ఇండెంటు పని మీద నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"భాయ్, ఈ బటన్లు మరీ చిన్నవి, వేలి కొనతో నొక్కితే చాలు. మనవాళ్లకు వేలు మొత్తం వంగాలి. దీన్ని పెద్దది చెయ్యగలరా?"

"ఎంత పెద్దది?"

"వేలికో మెట్టు. హార్మోనియంలాగా."

"అయితే హార్మోనియమే కొనుక్కో అమ్మా. నా ప్రాణం తియ్యడం ఎందుకు?" అన్నాడు భాయ్. అంటూనే ఆ రిమోట్‌ను తిరగేసి స్క్రూలు చూడ్డం మొదలుపెట్టాడు.

కొండపల్లిలో తెలిసినవాళ్ల దగ్గర బొమ్మల పని చేయగా మిగిలిన పొణికి చెక్క ముక్కలు తెచ్చాడు. బరువుండదు, చేతికి మెత్తగా ఉంటుంది. వాటితో మెట్లు చేసి ఒక చెక్క పలక మీద బిగించాడు. స్ప్రింగులు నా దగ్గర కాజేశాడు. ఆ నెల వర్క్‌షాపు నుంచి వచ్చిన ఇండెంటులో బాల్‌పెన్నులు ఎందుకన్ని అడిగారా అని నేను వెళ్లి చూస్తే, పెన్నులన్నీ విప్పి పక్కన పడేసి ఉన్నాయి, స్ప్రింగులు పలకలో ఉన్నాయి. పలక వైరు చివర పాత రిమోట్ ప్లగ్గే అతికించాడు. అసలు రిమోట్ ఊడదీసి దాని జాగాలో ఈ పలక గుచ్చితే చాలు, ఆట నడుస్తుంది.

ఆ పలక ముందు మొట్టమొదట కూర్చున్నది ఉయ్యూరు ఆవిడ.

ఆవిడకు ఉయ్యూరు బస్టాండు దగ్గర చెరుకు రసం బండి. చేత్తో తిప్పే గానుగ. భర్త పంచదార ఫ్యాక్టరీలో సీజను కూలీ, సీజను అయిపోతే ఇంటిపట్టున ఉండేవాడు. బండి ఆవిడదే, తిప్పేదీ ఆవిడే. చెరుకు గడతో పాటు కుడి చెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. బొటనవేలు తప్ప నాలుగు వేళ్లకూ నరాలు కుట్టారు. "ఈ చెయ్యి పిడికిలి పడితే నాకు బండుంటుందండీ. పడకపోతే ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి. వాటికి మాత్రం చెయ్యి అక్కర్లేదా ఏంటి?" అని ఆవిడే నవ్వుతూ అనేది. వేసవి వచ్చేస్తోంది. రసం బండికి వేసవే పంట.

మొదటి రోజు ఆవిడ ఎడమ మెట్టు నొక్కితే కారు కుడికి పోయింది. కుడిది నొక్కితే ఎడమకు పోయి గోడకు గుద్దుకుంది. భాయ్ వైర్లు తారుమారుగా అతికించాడు.

"భాయ్ గారూ, ఈ కారుకు లైసెన్సు ఎవరిచ్చారండీ?" అందావిడ.

వార్డంతా నవ్వారు. భాయ్ మొహం ఎర్రబడింది. అక్కడికక్కడే పలక విప్పి వైర్లు మార్చాడు. ఆ తర్వాత మాత్రం ఆవిడను ఆపేవాళ్లు లేరు. "ఒరేయ్ లారీ! నీ దిష్టి తగలా, పక్కకి జరగరా!" అని టీవీని తిడుతూ, నొక్కుతూ, మధ్యమధ్య "అమ్మా" అంటూ, మళ్లీ నొక్కుతూ ఉండేది. డాక్టరమ్మ వెనక నిలబడి వేళ్లనే చూసేది, టీవీ వైపు చూసేది కాదు. కొన్నాళ్లకు చూపుడువేలు, మధ్యవేలు వంగడం మొదలుపెట్టాయి. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయి.

"వీటి వంతు ఇప్పుడే మొదలైంది" అంది డాక్టరమ్మ నాతో. "ఇంకో నెలరోజులు ఇలాగే ఆడితే ఇవీ వస్తాయి. ఆపితే మాత్రం రావండీ."

ఈ మాట జరగబోయేదానికి ముందు చెప్పిన మాట. జరిగిపోయాక ఎవరైనా చెబుతారు.

రోగులు ఎక్కువయ్యారు, పెట్టె ఒక్కటే. పామర్రు వైపు రైసుమిల్లు నడిపే ఒకాయన తన మిల్లు కూలీ చెయ్యి మా దగ్గర బాగుపడిందన్న కృతజ్ఞతతో, ఇలాంటి పెట్టెలు మరికొన్ని కొనిస్తానన్నాడు. రకం చూసి రమ్మని నన్నూ డాక్టరమ్మనూ వన్‌టౌన్‌లో ఎలక్ట్రానిక్స్ షాపుకు పంపారు.

"పాత వెర్షనా సార్, కొత్త వెర్షనా?" అన్నాడు షాపాయన, రెండూ బల్ల మీద పెట్టి.

కొత్తది చూడ్డానికి ముచ్చటగా ఉంది. వెండి రంగు, పల్చగా, తేలిగ్గా. క్యాసెట్ గాడి లేదు, ఆటలన్నీ లోపలే. డబ్బా మీద ఎన్ని ఆటలున్నాయో ఎర్ర అంకెల్లో వేశారు. అట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ తొమ్మిదులే.

"ఇన్ని ఆటలూ ఉన్నాయా?"

"లెక్కపెట్టుకోండి సార్."

నేను లెక్కపెట్టే రకమని అతనికి తెలియదు. లెక్కపెట్టాను. అయిదు కాగానే మొదటిదే మళ్లీ వచ్చింది.

"ఇది ఇందాకటిదేగా?"

"కారు రంగు చూడండి సార్. ఇందాక ఎరుపు, ఇప్పుడు నీలం."

డాక్టరమ్మకు ఆటలతో పని లేదు. రిమోట్ వైరు పట్టుకుని లాగి చూసింది. అది పెట్టెలోకి పోయి అక్కడే అతుక్కుని ఉంది.

"ఇది ఊడిరాదా?"

"రాదమ్మా! దీని గొప్పే అది. పిల్లలు పీకెయ్యకుండా లోపలికే కలిపేశారు."

"నాకు ఊడొచ్చేదే కావాలండీ."

షాపాయన నా వంక చూశాడు, మేడం గారికి ఒంట్లో బాగుందా అన్నట్టు. పాత రకం తన దగ్గర ఇంకో నాలుగున్నాయని, అవి అమ్ముడైతే ఇక రావని చెప్పాడు. ఆ నాలుగూ కొనాలని నేను ఆఫీసుకొచ్చి నోట్ రాశాను. ఎందుకో కూడా, రెండు రకాలకూ తేడా ఏమిటో కూడా, బొమ్మ గీసి మరీ రాశాను.

ఇక కమిటీ. మా కార్యదర్శి గారు ఎక్కడో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరై, సేవ చెయ్యడానికి మా ట్రస్టుకు వచ్చినాయన. జీతం తీసుకోరు. ఆ మాట రోజుకోసారి మాకు గుర్తుచేసేవారు. ఆయన నా నోట్‌ను కళ్లజోడు కిందనుంచి చూశారు.

"ఏమండీ స్టోర్సు గారూ, దాత డబ్బు పెట్టి పాత సరుకు కొంటామా?"

"పాత సరుకు కాదండీ, పాత రకం. పెట్టె కొత్తదే."

"కొత్త వెర్షన్ ఉండగా పాతది కొన్నారేమని రేపు ఆయనే అడిగితే?"

"భాయ్ చేసిన పలక దానికైతేనే తగులుతుందండీ. ప్లగ్గు ఊడొస్తుంది కదా."

"అదే నేనూ అనేది. ఊడొచ్చేదాన్ని ఎత్తుకుపోతారు. పోయినసారి ఆడిట్‌లో థర్మామీటర్లు తక్కువొచ్చాయని రాసింది మీరే కదా?"

పక్కనున్న ప్లీడరు గారు అందుకున్నారు. "ఊడిరానిదైతే స్టాకులో ఒకే వస్తువు. ఊడొచ్చేదైతే పెట్టె ఒకటి, రిమోట్లు రెండు. మీకు పని తగ్గించాలనే కదండీ మా తాపత్రయం."

చలివేంద్రాల్లో గ్లాసుకు గొలుసు కడతారు, చూశారా? దాహమైనవాడు ఆ గొలుసు ఎంతవరకు వస్తే అంతవరకు వంగి తాగాలి. నీళ్లు మీద ఒలికినా సరే, గ్లాసు మాత్రం భద్రంగా ఉండాలి. నా ఎదురుగా కూర్చున్నది ఆ గొలుసు బుద్ధి. నేను గట్టిగానే మాట్లాడాను. ఆ వేళ్ల సంగతేమిటని అడిగాను. "చిన్న బటన్లయితే వేళ్లకు ఇంకా మంచి వ్యాయామం కదండీ" అన్నారు కార్యదర్శి గారు. ఈ మాటకు జవాబు చెప్పగల ఒకే ఒక మనిషి, డాక్టరమ్మ, కింద వార్డులో ఉంది. ఆవిడను పిలుద్దామంటే, ఆవిడ కమిటీ సభ్యురాలు కాదన్నారు. అయితే నా అభ్యంతరం మినిట్స్‌లో రాయమన్నాను. రాశారు. ఏమని? "కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని.

కొత్త పెట్టెలు ఆటోలో వచ్చాయి. అదే ఆటోలో వార్డులోని పాత పెట్టెను ఎక్కిస్తుంటే అడ్డంపడ్డాను. దాన్ని ఎక్స్ఛేంజి కింద షాపుకు ఇచ్చేశారట, దానికి ధరలో కొంత తగ్గించారట. "అది ఎవరో వదిలేసి వెళ్లింది. మీ స్టాకులో ఉందా? లేదు కదా. మీ స్టాకులో లేని వస్తువును ఆపడానికి మీరెవరండీ?" అన్నారు కార్యదర్శి గారు. ముప్ఫై ఏళ్లుగా నేను అందరికీ చెప్పిన రూలును తీసుకొచ్చి నా మొహాన కొట్టారు. మర్నాడు పొద్దున్నే నా సొంత డబ్బు పెట్టి తెచ్చేద్దామని షాపుకు వెళ్లాను. పాత పెట్టె లేదు, ఆ నాలుగూ లేవు.

"వేసవి సెలవులిచ్చారు కదండీ, పిల్లలు ఊరుకుంటారా?" అన్నాడు షాపాయన.

భాయ్ పలక వార్డు గోడ మీద మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. దాని ప్లగ్గు కింద ఊగుతూ ఉండేది, గుచ్చడానికి చోటు లేక.

దీనికి విరుగుడు లేకపోలేదు. భాయ్ కొత్త పెట్టెను ఒకసారి చేతిలో తిప్పి చూసి తేల్చేశాడు. "వైరు ఇక్కడ కోస్తా. లోపల అయిదు తీగలు. వాటిని నా పలక తీగలకు కలుపుతా. టీ తాగొచ్చేలోపు అయిపోద్ది."

భాయ్‌నూ డాక్టరమ్మనూ వెంటబెట్టుకుని కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెట్టెను తిరగేసి అడుగున అంటించిన సీలు చూపించారు. "ఇది తీసినా, వైరు కోసినా గ్యారంటీ పోతుంది. పైగా దాత చేతుల మీదుగా ప్రారంభం కావాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

"ప్రారంభం ఎప్పుడండీ?" అంది డాక్టరమ్మ.

"మూఢం వెళ్లాక."

మూఢంలో మంచి పనులు మొదలుపెట్టకూడదన్న పట్టింపు దాతది కాదు, ఆయనది. పంచాంగం చూసింది కూడా ఆయనే. పెట్టెలను వార్డు చివర అద్దాల బీరువాలో వరసగా పేర్చి తాళం వేయించారు. ఉయ్యూరు ఆవిడ మంచం దానికి ఎదురుగానే. డాక్టరమ్మ మళ్లీ రబ్బరు బంతి తీసింది, వేడి మైనం పూసింది, చేత్తో పట్టి వంచింది. తన పని అంతా తను చేసింది. కానీ టీవీలో లారీని తిట్టుకుంటూ గంటలకొద్దీ చేసిన పని, పళ్లు బిగపట్టుకుని చేసే పావుగంటలో ఎక్కడొస్తుంది? ఒక రోజు నేను రౌండ్లకు వెళితే ఉయ్యూరు ఆవిడ ఆ అద్దాల వంక చూస్తూ కూర్చుని ఉంది.

"బాబుగారూ, ఒక మాట అడగనా? ఆ పెట్టెలకేనా మూఢం, నా చేతిక్కూడానా?"

నేను పైకెళ్లి ఆ మాటను ఉన్నదున్నట్టు కార్యదర్శి గారికి చెప్పాను. "రోగులతో ఎక్కువ చనువు పనికిరాదు" అన్నారాయన.

మూఢం పోయింది. అన్నీ మంచి రోజులే వచ్చాయి.

ప్రారంభోత్సవానికి వార్డు గుమ్మానికి మామిడాకులు కట్టారు, రిబ్బను కట్టారు. పెట్టెలకు బొట్లు పెట్టారు. ఒక పెట్టెకు బంతిపూల దండ కూడా వేశారు. మిల్లు దాత తెల్ల చొక్కా, తెల్ల పంచెతో వచ్చి, ఎవరేం చెయ్యమంటే అది చేశాడు. కొబ్బరికాయ కొట్టాడు, రిబ్బను కోశాడు, కత్తెరను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. కార్యదర్శి గారి ఉపన్యాసంలో "అత్యాధునిక" అనే మాట ఎన్నిసార్లొచ్చిందో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండా వదిలేసిన రోజులు నా జీవితంలో తక్కువ. తర్వాత, ఒక రోగి కొత్త యంత్రం వాడుతుంటే ఫోటో తీయాలన్నారు. టీవీకి దగ్గరగా ఉన్నది ఉయ్యూరు ఆవిడే. కుర్చీలో కూర్చోబెట్టి రిమోట్ చేతికిచ్చారు.

అది అరచేతిలో నిలబడాలంటే చివరి రెండు వేళ్లూ కిందనుంచి పట్టాలి. ఆ రెండూ తిన్నగా, కదలకుండా ఉన్నాయి. రిమోట్ జారి పడింది. తీసిచ్చారు. మళ్లీ పడింది. బల్ల అంచున వైరుకు వేలాడుతూ ఊగింది. ఊడి మాత్రం రాలేదు. ఆ ఒక్క విషయంలో కార్యదర్శి గారి మాట నిజమేనని ఒప్పుకోవాలి.

"ఏం పర్లేదమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఒళ్లో పెట్టుకుని పైన చెయ్యి ఆనించు. పట్టుకున్నట్టుంటే చాలు. ఇటు చూసి నవ్వు."

ఆవిడ నవ్వలేదు. "పట్టుకున్నట్టుండటానికైతే మా ఇంటి దగ్గరే ఉండేదాన్ని కదండీ. పట్టుకుందామని వచ్చాను" అంది.

"ఆమెకు కాస్త నలతగా ఉంది, ఇంకొకరిని కూర్చోబెట్టండి" అన్నారు కార్యదర్శి గారు. దాత మాత్రం కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

"ఏంటమ్మా? బాగా లేదా ఇది?"

"ఇది బానే ఉందండీ. నాకే నప్పలేదు. అదిగో, గోడకున్న ఆ చెక్క మీద నేను నొక్కేదాన్ని. వేళ్లు వస్తున్నాయి కూడా. దాన్ని పెట్టుకునే పెట్టెను పంపేశారు."

దాత గోడ మీది పలక వంక చూసి, "దీనికి పెట్టకూడదా దాన్ని?" అని అడిగాడు, ఎవరినీ ప్రత్యేకంగా కాకుండా.

"పెట్టొచ్చండీ" అన్నాడు వెనకనుంచి భాయ్. "వైరు కొయ్యాలి, అంతే."

"కోస్తే గ్యారంటీ పోతుందండీ" అన్నారు కార్యదర్శి గారు.

"ఎన్నాళ్లు గ్యారంటీ?"

"ఆర్నెల్లండీ."

"ఈవిడ చేతికి ఎన్నాళ్లిచ్చారు?"

అక్కడ ఉన్నవాళ్లలో దానికి జవాబు తెలిసిన మనిషి డాక్టరమ్మ. ఆ పెద్ద గొంతు ఆరోజు ఎంత చిన్నదైపోయిందో నాకింకా వినిపిస్తుంది. "అయిపోవచ్చిందండీ" అంది.

దాత లేచి పళ్లెంలోని రిబ్బను కత్తెర తీసి భాయ్ చేతిలో పెట్టాడు. "మా మిల్లులో బెల్టు తెగితే ముందు కుట్టి మిల్లు నడిపిస్తాం. కంపెనీకి కబురు ఆ తర్వాత. కొయ్యవయ్యా."

భాయ్ కోశాడు. దండ తీసి పక్కన పెట్టి, పెట్టెను షెడ్డుకు పట్టుకుపోయి, టీ తాగొచ్చేలోపు అన్నట్టే తెచ్చాడు. ఈసారి వైర్లు తారుమారు కాలేదు. ఆ రోజు సభ ఎలా ముగిసిందో, ఎవరు వందన సమర్పణ చేశారో నాకు తెలియదు. నేను వార్డులోనే ఉండిపోయాను.

ఇక్కడితో ఆపేస్తే మీకు సంతోషంగా ఉంటుంది. దాత మంచివాడు, కత్తెర మంచిది, అంతా సుఖాంతం. కానీ నా కోపమంతా ఇక్కడే ఉంది. ఆయన అడిగాడు కాబట్టి ఒక్క నిమిషంలో గ్యారంటీ ఎగిరిపోయింది. అదే మాట డాక్టరమ్మ అడిగింది, భాయ్ అడిగాడు, నేనడిగాను, చెయ్యి నలిగిన మనిషి అడిగింది. మేము అడిగినంతకాలం అది రాతిమీది శాసనం. ఆయన ఆ రోజు రాకుండా డ్రైవరుతో కబురు పంపి ఉంటే? ఆ రిబ్బనును ఇంకెవరో కోసి ఉంటే? అసలు ఒక చెయ్యి వంగాలంటే ఒక మిల్లు యజమానికి ఆ పూట దయ కలగాలా?

చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా వచ్చాయి. ఉంగరం వేలూ చిటికెన వేలూ రాలేదు. డాక్టరమ్మ ఆ తర్వాత కూడా వాటితో నెలలకొద్దీ పోరాడింది. ఆ పోరాటం ఎందుకు ఓడిపోయిందో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్లీ ఆపరేషను చేస్తే కొంత రావచ్చని డాక్టర్లు చెబితే, ఉయ్యూరు ఆవిడ దణ్ణం పెట్టేసింది. ఒక వేసవి మంచం మీదే పోయింది, రెండోది వదులుకోలేనంది. మరుసటి ఏడాది ట్రస్టు రిపోర్టులో భాయ్ పలక ఫోటో రంగుల్లో వేశారు. కింద "కార్యదర్శి గారి చొరవతో మన సంస్థ రూపొందించిన పరికరం" అని రాశారు. భాయ్ అది చూసి, పక్కన పెట్టి, తన పనిలో పడ్డాడు. ఆయన్ను పొగడనందుకు కోపం రాని సందర్భం నాకు తెలిసి అదొక్కటే. డాక్టరమ్మ ఆ ఏడాదే ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయింది.

కాబట్టి ఒరే అబ్బాయీ, నువ్వు అడిగినదానికి జవాబు ఇది. రెండు మోడళ్లు నీ బల్ల మీదికి వచ్చినప్పుడు కొత్తదేది, పాతదేది అని చూడకు. వాటిని వాడే చెయ్యి ఎవరిదో చూడు, వీలైతే ఆ చేతికిచ్చి చూడు. కమిటీ గదిలో ఆ చెయ్యి లేకపోతే, తీసుకురా. సభ్యత్వం లేదంటే గొడవపెట్టు. నీ మాట నెగ్గకపోవచ్చు, నాదీ నెగ్గలేదు. కానీ "ఏకగ్రీవంగా" అని మాత్రం వాళ్లను రాయనివ్వకు.

కొన్నేళ్ల తర్వాత, నేను రిటైరయ్యాక, ఒక పెళ్లికి వెళ్లి వస్తూ ఉయ్యూరులో బస్సు మారాల్సివచ్చింది. మండుటెండ. బస్టాండు బయట రసం బండి. చేత్తో తిప్పే గానుగ పోయి మోటారు వచ్చింది. రోలర్ల ముందు చెయ్యి దూరకుండా ఇనప జల్లెడ బిగించి ఉంది. ఆవిడ జుట్టు నెరిసింది గానీ, నేను గుర్తుపట్టేలోపే తనే నన్ను గుర్తుపట్టింది.

"స్టోర్సు బాబుగారు! కూర్చోండి, కూర్చోండి. ఐసు వెయ్యనా? అల్లం వెయ్యనా?"

"ఐసు వద్దమ్మా."

రసం పట్టి, కుడి చేత్తో గ్లాసు నాకందించింది. నేను గ్లాసు అందుకోకుండా ఆ చేతినే చూస్తున్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు గ్లాసును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మిగతా రెండూ గాల్లోకి తిన్నగా నిలబడి ఉన్నాయి, వాటికి ఆ గ్లాసుతో సంబంధం లేనట్టు.

ఆవిడ నా చూపు గమనించింది. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఈ మూడూ నావండీ. ఆ రెండూ మీ కమిటీవి."